కిందికి దించిన కారుకు హెడ్‌లైట్ల అమరిక: మూడేళ్ల వాడకం తర్వాత

మూడేళ్ల కిందట నా కారుకు పాత స్ప్రింగులు తీసివేసి పొట్టి స్ప్రింగులు వేయించాను. ముందు భాగం 35 మిల్లీమీటర్లు, వెనుక భాగం 25 మిల్లీమీటర్లు కిందికి దిగింది. మలుపుల్లో బండి ఒరగడం బాగా తగ్గింది కాబట్టి ఆ మార్పు విషయంలో నాకు ఈనాటికీ ఏ విచారమూ లేదు. అయితే మొదటి రాత్రి వీధి దీపాలు లేని రోడ్డెక్కగానే వెలుగంతా బానెట్ ముందే కుప్పపోసినట్టు కనిపించి, దాని అవతల రోడ్డు మాయమైపోయింది. స్ప్రింగులు బిగించినవారు చక్రాల అలైన్‌మెంట్ చేసి ఇచ్చారు గాని హెడ్‌లైట్ల మాట ఎత్తలేదు. అడగాలని నాకూ తెలియదు.

కారు ఎంత దిగితే వెలుగు అంత తగ్గుతుందని అప్పట్లో అనుకున్నాను. లెక్క వేస్తే తేలింది వేరు. లో బీమ్, అంటే ఎదుటివారి కళ్లలో పడకుండా వేసే కింది వెలుగు, దాని పై అంచు నేలకు సమాంతరంగా పోదు, కొద్దిగా కిందికి వాలి ఉంటుంది. ఆ వాలును శాతంలో చెబుతారు. 1 శాతం అంటే 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగడం. నా కారు దీపాల ఎత్తు మొదట 66 సెంటీమీటర్లు, వాలు 1.2 శాతం కాబట్టి ఆ అంచు 55 మీటర్ల దూరంలో రోడ్డును తాకేది. ముందు వెనుకలు సమానంగా దిగి ఉంటే ఎత్తు 62.5 సెంటీమీటర్లకు తగ్గినా వాలు మారేది కాదు, వెలుగు 52 మీటర్ల దాకా అందేది. పోయేది మూడు మీటర్లే. కాని నా కారు ముందు భాగం 10 మిల్లీమీటర్లు ఎక్కువ దిగింది. రెండు ఇరుసుల మధ్య దూరం 2.6 మీటర్లు కాబట్టి ఆ కొద్దిపాటి తేడాయే వాలుకు మరో 0.38 శాతం కలిపి, వెలుగును 40 మీటర్ల దగ్గర ఆపేసింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే అడ్డొచ్చినదాన్ని చూసి బ్రేకు వేయడానికి నాకున్న వ్యవధిలో దాదాపు ఒక సెకను తగ్గిపోయింది.

వెలుగును గోడ మీద వేసి చూస్తూ సర్దుబాటు నేనే చేసుకున్నాను. దీపం వాలు మార్చే స్క్రూ తిప్పడం ఐదు నిమిషాల పని; అంతకుముందు బండిని సిద్ధం చేయడానికే ఓపిక కావాలి. కారు నిలిచిన చోటు నుంచి గోడ మొదలు దాకా నేల ఒకే చదునులో ఉండాలి, ఎందుకంటే 10 మీటర్ల దూరానికి 2 సెంటీమీటర్ల ఎత్తుపల్లాలున్నా 0.2 శాతం తప్పు వస్తుంది. టైర్లలో గాలి సరిచూసి, డిక్కీలో అదనపు బరువు తీసివేసి, డ్రైవరు సీటులో ఒక మనిషిని కూర్చోబెట్టి, డాష్‌బోర్డులో దీపాల ఎత్తు మార్చే చక్రాన్ని 0 దగ్గర ఉంచాను. తర్వాత కారును నాలుగు మూలలా నొక్కి వదిలి, కొద్దిగా ముందుకూ వెనక్కూ దొర్లించాను. స్ప్రింగులు కొత్తగా వేసినప్పుడు ఈ చివరి మెట్టు చాలా అవసరం, లేకపోతే జాకీ మీద నుంచి దించిన బండి చక్రాలు లోపలికి లాగుకొని, నిజమైన ఎత్తుకంటే పైనే నిలిచిపోతుంది.

గోడ మీద దీపం మధ్యభాగం ఎత్తుకు ఒక గీత, దాని కింద కావలసిన వాలుకు మరో గీత గీసుకోవాలి. ఒక దీపాన్ని గుడ్డతో కప్పి రెండోదాన్ని చూడాలి. వెలుగు అంచులో రోడ్డు పక్కకు ఉండే భాగం ఏటవాలుగా పైకి లేస్తుంది. గీతకు ఆనించవలసింది దాన్ని కాదు, ఎదుటి బండ్లు వచ్చే వైపు సమంగా ఉండే భాగాన్ని. ఆ రెండూ కలిసే మలుపు దీపానికి సూటిగా ఎదురుగా పడాలి. స్క్రూను మాత్రం మెల్లగా, పావు తిప్పు చొప్పున తిప్పాలి, దాని వెనుక ఉండే ప్లాస్టిక్ పళ్ల చక్రం బలవంతాన్ని తట్టుకోదు.

మొదటిసారి నేను చేసిన తప్పు గీత దగ్గరే ఉంది. దీపం మీద తయారీదారు అచ్చువేసిన అంకె 1.2 శాతం. పోయిన దూరాన్ని మరికొంత రాబట్టుకోవాలని దాన్ని 1.0 శాతానికి పెట్టాను. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 48 ప్రకారం 80 సెంటీమీటర్లకంటే తక్కువ ఎత్తులో ఉన్న దీపాలకు తొలి అమరిక 1.0 నుంచి 1.5 శాతం మధ్య ఉండాలి కాబట్టి తప్పేమీ లేదనుకున్నాను. రెండు నెలలు గడిచేసరికి ఎదుటి బండ్లవారు వరుసగా డిప్పర్ కొట్టడం మొదలైంది. వెనుక సీటులో ఇద్దరు కూర్చుంటే అది మరీ ఎక్కువయ్యేది. టేపుతో చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిస్తే, కొత్త స్ప్రింగులు ఇంకా అణిగి ముందు 3, వెనుక 10 మిల్లీమీటర్లు దిగినట్టు తెలిసింది. ముక్కు పైకి లేచి వాలు దాదాపు 0.73 శాతానికి వచ్చింది. ఆ రెండు నెలలూ ఎందరి కళ్లలో వెలుగు కొట్టానో తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆనాడే మళ్లీ 1.2 శాతానికి దించాను. అందుచేత స్ప్రింగులు వేసిన రోజు చేసే అమరికను తాత్కాలికంగానే భావించి, కొన్ని వారాలు నడిపాక కొలతలు మళ్లీ తీసుకొని రెండోసారి అమర్చమని గట్టిగా చెబుతాను.

దీపాలు తమంతట తామే ఎత్తు మార్చుకునే కార్లకు ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. మిత్రుడి కారులో వెనుక సస్పెన్షన్ కమ్మీకి చిన్న కడ్డీతో కలిపిన సెన్సర్ ఉంది. వెనుక భాగం దిగగానే అది డిక్కీలో బరువు పడిందని భావించి దీపాలను కిందికి వంచేసింది. స్క్రూ తిప్పి సరిచేస్తే గోడ మీద బాగానే కనిపించింది గాని, సెన్సర్ కదలిక ఒక చివరకు చేరిపోయి ఉన్నందువల్ల నిజంగా బరువు వేసినప్పుడు దీపాలు ఏమీ కదలలేదు. పొడవు మార్చుకునే కడ్డీ వేసి, స్కానర్ యంత్రంతో సెన్సర్‌కు కొత్త సున్నా నేర్పించాకే అది సక్రమంగా పనిచేసింది.

ఇంకా ఎక్కువ దించాలనుకునేవారు దీపాల ఎత్తును ముందే కొలుచుకోవాలి. పైన చెప్పిన నిబంధన 48లో లో బీమ్‌కు కనీస ఎత్తు 50 సెంటీమీటర్లు, అమెరికా నిబంధన 108లో 22 అంగుళాలు, అంటే దాదాపు 56 సెంటీమీటర్లు. అంతకంటే కిందికి దిగిన దీపాన్ని ఏ స్క్రూ పైకి తేలేదు.

ఇప్పుడు నా కారు లో బీమ్ దాదాపు 52 మీటర్ల దాకా అందుతోంది. గట్టి స్ప్రింగుల వల్ల గతుకుల రోడ్డు మీద వెలుగు మునుపటికంటే వేగంగా అదురుతుంది, దానికి అమరికతో చేయగలిగింది లేదు. వెనుక సీటు నిండినప్పుడు డాష్‌బోర్డులోని చక్రాన్ని 1కి తిప్పుతాను. ఆరు నెలలకొకసారి అదే గోడ ముందు నిలిపి చూస్తున్నాను; రెండోసారి అమర్చిన తర్వాత గీత నుంచి వెలుగు కదలలేదు.