ఏజెంట్‌కు అటెన్షన్: యాక్ట్-ఆర్ మేలా, లిడా మేలా?

ప్రాజెక్టుల సీజన్ మొదలైతే చాలు, మా గుంటూరు పిల్లలు అడిగేది ఒకటే: "సార్, అటెన్షన్ కోసం యాక్ట్-ఆర్ తీసుకోమంటారా, లిడానా?" రెండూ మనిషి మనసు పనిచేసే తీరును అనుకరించే కాగ్నిటివ్ ఆర్కిటెక్చర్లు, అంటే ఏజెంట్‌ను (తనంతట తాను చూసి, నిర్ణయించి పనిచేసే ప్రోగ్రాంను) కట్టే చట్రాలు. చాట్‌జీపీటీ లాంటి మోడళ్లకు ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్లలోని అటెన్షన్ సంగతి వేరు. ఇక్కడి ప్రశ్న, వచ్చిపడే వంద విషయాల్లో ఏజెంట్ ఇప్పుడు దేన్ని పట్టించుకోవాలన్నది.

యాక్ట్-ఆర్‌లో పెత్తనమంతా చేతిలో ఉన్న పనిది. దానికి సంబంధించిన జ్ఞాపకాలకే అదనపు యాక్టివేషన్ (ముందుకొచ్చే బలం) అందుతుంది. ఒక్కో బఫర్‌లో (తాత్కాలిక అరలో) ఒక్కటే చంక్ (సమాచారపు ముక్క), 50 మిల్లీసెకన్లకు ఒక్కటే రూల్ (‘ఇలా ఉంటే ఇది చెయ్యి’ అనే నియమం). ట్రేస్ (నడిచిన తీరు చిట్టా) తెరిస్తే ఏది ఎప్పుడు జరిగిందో వరుసగా కనిపిస్తుంది. మనిషికి ఒక పనిలో ఎంత సమయం పడుతుందో లెక్కగట్టాలంటే నేనూ దీన్నే వాడతాను.

లిడాకు పునాది మనస్తత్వవేత్త బెర్నార్డ్ బార్స్ చెప్పిన గ్లోబల్ వర్క్‌స్పేస్ సిద్ధాంతం. అమెరికాలోని మెంఫిస్ యూనివర్సిటీలో స్టాన్ ఫ్రాంక్లిన్ బృందం దీన్ని కట్టింది. దీని ముందుతరం ఐడా, అమెరికా నేవీలో నావికులకు కొత్త పోస్టింగులు చూసేది. లిడాలో ప్రతి అటెన్షన్ కోడ్‌లెట్ (ఒకే పని చూసే చిన్న ప్రోగ్రాం) తనకు కావలసినదాని కోసం కాపు కాస్తుంది. దొరికినవి జట్లు కట్టి పోటీ పడతాయి. గెలిచిన జట్టు సంగతి వ్యవస్థ మొత్తానికీ వినబడుతుంది. బెజవాడ స్టేషన్లో మైకు మోగితే అందరూ వింటారు, ఆ బండి ఎక్కేవాళ్లే లేస్తారు కదా, అలాగ.

నా మటుకు తేల్చేది ఒక్కటే: పనికి సంబంధం లేని ప్రమాదం పనిలోకి ఎలా చొరబడుతుంది? ఈమధ్య మిర్చి కోల్డ్ స్టోరేజీ కోసం ఒక ఏజెంట్ కట్టాం. లాట్ల లెక్క సరిచూస్తుండగా ఛాంబర్ తలుపు తెరిచే ఉందని సిగ్నల్ వచ్చింది. యాక్ట్-ఆర్‌లో బఫర్ ఖాళీగా ఉంటే కొత్త సంగతి దానంతటదే అందులోకి వచ్చే వీలుంది. కానీ దాన్ని అందుకునే రూల్ ఉండాలి, అది లెక్కల రూల్‌ను యుటిలిటీలో (ఎంత ఉపయోగమన్న లెక్కలో) దాటాలి. తలుపుకు ఒకటి రాశాం. తర్వాత జనరేటర్‌కు, ఆపైన అమ్మోనియా లీకుకు. కొత్త పని చేర్చిన ప్రతిసారీ ఈ రూళ్లన్నీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. లిడాలో తలుపు కోడ్‌లెట్ ఒక్కసారి రాస్తే, ఏ పని నడుస్తున్నా దాని కాపలా దానిదే. అందుకే లిడా తీసుకున్నాం.

సోర్ అనే మరో ఆర్కిటెక్చర్ కూడా గట్టిదే, కానీ దాని బలం సమస్య పరిష్కారంలో. ఓపెన్‌కాగ్ అనే ఏఐ చట్రంలోని అటెన్షన్ పద్ధతి ఎకాన్ ఈ సైజు పనికి ఎక్కువ.

లిడాతో తిప్పలు యాక్టివేషన్ ట్యూనింగ్‌లో. మొదట్లో బస్తాలు దించుతున్నంతసేపూ తలుపే గెలిచేది, లెక్క ముందుకు కదిలేది కాదు. తెరిచి ఎంతసేపైతే అంత యాక్టివేషన్ పెరిగేలా మార్చాక సర్దుకుంది.