పిల్లల పెద్ద మైనస్ పవర్‌కి జీన్ టెస్ట్: శ్రీకాకుళం, విజయనగరంలో దొరుకుతున్న సేవ మీద మా రివ్యూ

నాలుగేళ్ల పిల్లకి మైనస్ ఎనిమిది పవర్ అని తేలితే చాలు, ఇంట్లో రెండు వైపుల వంశాలూ లెక్కకి వచ్చేస్తాయి. తాతకి సోడాబుడ్డి కళ్లద్దాలుండేవని ఒకరంటారు, మా వైపు అందరి చూపూ బాగుందని ఇంకొకరంటారు. ఆ ప్రశ్నకి జవాబు చెబుతామంటూ ఇప్పుడు మన రెండు జిల్లా కేంద్రాల్లోనూ కొన్ని డయాగ్నస్టిక్ సెంటర్లు 'హై మయోపియా ప్యానెల్' (పెద్ద మైనస్ పవర్‌కి కారణమయ్యే కొన్ని జన్యువులని చూసేది), 'ఎక్సోమ్' (జన్యువులన్నిటిలో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే భాగాలని చదివేది) పేర్లతో రక్తం తీసి బయటి నగరాల ల్యాబులకి పంపుతున్నాయి. ఇది ఏ ఒక్క ల్యాబు మీదో రివ్యూ కాదు, ఆ సేవ మొత్తం మీద.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. తగిన బిడ్డకి చేయిస్తే ఇది చాలా విలువైన పరీక్ష. సైటు ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి దీని అవసరమే లేదు. ల్యాబు ఎంత పేరున్నదైనా సరే, రక్తంతో పాటు వెళ్లే కంటి వివరాలు సరిగ్గా లేకపోతే రిపోర్టు అక్కరకి రాదు.

ఎవరికి తగినది? బడిలో చేరకముందే మైనస్ 6 దాటిన పిల్లలకి. పవర్‌తో పాటు రేచీకటి, కళ్లు అదరడం, వినికిడి తగ్గడం, అంగిలి చీలిక, కీళ్లు మరీ వదులుగా ఉండటం లాంటిదేదైనా ఉన్నవాళ్లకి. తల్లిదండ్రులది మేనరికమై, ఇద్దరి చూపూ బాగుండి, బిడ్డకి మాత్రం పెద్ద పవర్ ఉన్న ఇళ్లకి. పదో ఏట మైనస్ 2తో మొదలై ఏటేటా పెరుగుతూ ఇంటర్‌కి మైనస్ 6 అయిన అబ్బాయికి ఈ డబ్బు పెట్టొద్దు. నెలలు నిండకుండా పుట్టి రెటీనాకి లేజర్ పడిన పిల్లలకైతే పెద్ద పవర్‌కి ఆ కారణం అప్పటికే తెలిసి ఉంటుంది.

రక్తం ఇచ్చేముందు కంటి దగ్గర మూడు కొలతలు కావాలి. మొదటిది, చుక్కలు వేసి తీసిన పవర్. చుక్కలు లేకుండా చూస్తే పిల్లలు కన్ను బిగించి, లేని మైనస్ చూపిస్తారు. రెండోది కనుగుడ్డు పొడవు. మామూలుగా పెద్దవాళ్లలో 23.5 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, 26 దాటితే తీవ్రమైన మయోపియా లెక్కలోకి వస్తుంది. సుమారుగా ఒక మిల్లీమీటరు పెరిగితే రెండున్నర నుంచి మూడు పవర్ పెరిగినట్టు. శుక్లం ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలో ఈ కొలత మిషన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి దీనికోసం విశాఖ వెళ్లక్కర్లేదు. కంటికి ఆనించి కొలిచే ఏ-స్కాన్ కార్నియాని (కంటి ముందుండే పారదర్శక పొరని) కాస్త నొక్కి పొడవు తక్కువ చూపిస్తుంది, కాంతితో కొలిచే మిషన్ ఉంటే అదే అడగండి. మూడోది కార్నియా వంపు. పొడవు మామూలుగా ఉండి పవర్ మాత్రం పెద్దదైతే తప్పు కార్నియాలోనో లెన్స్‌లోనో ఉంది. అప్పుడు వెతకాల్సిన జన్యువులే వేరు. ఈ కొలతలు లేకుండా 'హై మయోపియా' అని రెండు ముక్కలు రాసి పంపితే ల్యాబువాళ్లు చీకట్లో వెతికినట్టే.

ఆ తర్వాత బిడ్డని తల నుంచి కాలి దాకా చూడాలి. ఖర్చు లేని పని, అయినా చాలా చోట్ల దీన్నే వదిలేస్తున్నారు. నోరు తెరిపించి టార్చి వేస్తే కొండనాలుక చివర రెండుగా చీలి కనబడొచ్చు. చిన్న గడ్డం, వినికిడి లోపం కూడా ఉంటే స్టిక్లర్ సిండ్రోమ్ (కళ్లు, చెవులు, కీళ్లని కలిపి దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) అనుమానించాలి. దాని ముఖ్య జన్యువులు సీఓఎల్2ఏ1, సీఓఎల్11ఏ1. తల వెనక జుట్టు పాయ తీసి చూడాలి. అక్కడ చిన్న బొడిపో, చర్మ లోపమో ఉంటే క్నోబ్లాక్ సిండ్రోమ్ కావొచ్చు, అది సీఓఎల్18ఏ1 వల్ల వస్తుంది, మేనరికపు ఇళ్లలో ఎక్కువ గమనించాల్సినది. సన్నగా పొడుగ్గా, వేళ్లు సాగినట్టుండే బిడ్డకి లెన్స్ పక్కకి జరిగిందేమో చూసి, గుండెకి ఎకో తీయించాలి.

లెన్స్ జరిగి ఉంటే జీన్ టెస్ట్ కన్నా ముందు రక్తంలో హోమోసిస్టీన్ చూపించండి. అది పేరుకుపోయే జబ్బు హోమోసిస్టీన్యూరియా అయితే మందులున్నాయి, కొందరికి బి6 విటమినే పనిచేస్తుంది. ఆ శాంపిల్‌ని ఐసులో పెట్టి గంటలోపు ప్లాస్మా వేరు చేయాలి. ఆలస్యమైతే రక్తకణాల నుంచి కారి విలువ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. రేచీకటి ఉన్న బిడ్డకైతే ముందు ఈఆర్‌జీ, అంటే వెలుగుకి రెటీనా ఎలా స్పందిస్తుందో గ్రాఫ్‌గా తీసే పరీక్ష. అందులో 'బీ వేవ్' అనే అల పడిపోయి కనబడితే ఎన్‌వైఎక్స్, సీఏసీఎన్ఏ1ఎఫ్, జీఆర్ఎం6, టీఆర్‌పీఎం1 జన్యువుల వైపు దారి తెలుస్తుంది. ఈఆర్‌జీకి విశాఖ హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి పెద్ద సంస్థకి వెళ్లాలి.

ఇక శాంపిల్ సంగతి. ఊదా రంగు మూత ఈడీటీఏ ట్యూబులో పెద్దవాళ్లకి 3 నుంచి 4 మిల్లీలీటర్లు, చిన్నపిల్లలకి 2 చాలు. తీసిన వెంటనే ట్యూబుని మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేయాలి, లేకపోతే గడ్డ కడుతుంది. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు వాడితే ఆ మందు డీఎన్‌ఏ పరీక్షకే అడ్డం పడుతుంది. పరగడుపు అక్కర్లేదు. ట్యూబుని డీప్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గడ్డకట్టిన జెల్ ప్యాక్‌ని నేరుగా ఆనించకూడదు. శనివారం సాయంత్రం ఇచ్చిన శాంపిల్ ఆదివారం కౌంటర్లోనే కూర్చుంటుంది, ఎండాకాలంలో అది మంచిది కాదు. సోమ, మంగళవారాల్లో ఇవ్వండి. ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలకి రక్తం ఎక్కిస్తుంటారు, ఈ మధ్య ఎక్కించి ఉంటే దాత కణాలు శాంపిల్‌లో కలిసి ఉండొచ్చు కాబట్టి ఫారంలో తప్పక రాయించాలి.

బిడ్డతో పాటు తల్లి, తండ్రి శాంపిళ్లు కూడా ఒకేసారి ఇస్తే మేలు. మూడు ట్యూబుల మీదా పేరు, పుట్టిన తేదీ మీ కళ్లముందే రాయించండి. ఒకే ఇంటిపేరుతో ట్యూబులు తారుమారైతే బిడ్డ తండ్రి ఎవరన్న అనుమానం దాకా పోతుంది. ఆ అపవాదు ఏ ఇంటికీ రాకూడదు.

ప్యానెలా, ఎక్సోమా? మా ఓటు ఎక్సోమ్‌కే. ప్యానెల్‌లో ఆ రోజుకి తెలిసిన జన్యువులే ఉంటాయి, ఎక్సోమ్ డేటాని రెండేళ్ల తర్వాత మళ్లీ చదివించుకోవచ్చు. ఖర్చు ఒక్కరికే పదివేలు దాటుతుంది, కాబట్టి తల్లిదండ్రులకి విడిగా ఎంతో ముందే రాతపూర్వకంగా అడగండి. అయితే ఎక్సోమ్‌కి కూడా కొన్ని చోట్ల చూపు ఆనదు. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎరుపు, ఆకుపచ్చ రంగుల్ని గుర్తించే రెండు జన్యువులు దాదాపు ఒకేలా ఉండి పక్కపక్కనే ఉంటాయి. ముక్కలు ముక్కలుగా చదివే మిషన్ ఏది దేనిదో తేల్చుకోలేదు. డెన్మార్క్‌లోని బోర్న్‌హోమ్ దీవి మూలాలున్న కుటుంబంలో 1990లో ఎక్స్ క్రోమోజోమ్ మీది ఎక్స్‌క్యూ28 అనే చోట గుర్తించిన తొలి మయోపియా స్థానం సరిగ్గా ఇక్కడే ఉంది. మగపిల్లలకి పెద్ద పవర్‌తో పాటు రంగుల తేడా తెలియకపోతే, మామూలు ఎక్సోమ్‌లో ఏమీ లేదన్నా నమ్మి ఊరుకోవద్దు. రెటీనా జబ్బులకి కారణమయ్యే ఆర్‌పీజీఆర్ జన్యువులోని ఓఆర్‌ఎఫ్15 భాగం కూడా ఇలాగే జారిపోతుంటుంది.

రిపోర్టు చేతికొచ్చాక అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం 'అర్థం తేలని మార్పు' (రిపోర్టులో వీయూఎస్, అంటే జబ్బుకి కారణమో కాదో ఇంకా తెలియని జన్యు మార్పు) దగ్గరే. 2015 నాటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం మార్పులన్నిటినీ ఐదు తరగతులు చేస్తారు, ఇది నడిమిది. దీన్ని పట్టుకుని పెళ్లి సంబంధం చెడగొట్టకూడదు, రెండో బిడ్డ వద్దనుకోకూడదు. విదేశీ డేటాలో అరుదుగా కనబడే మార్పు మన జనంలో మామూలుదే కావొచ్చు, కాబట్టి ఇండిజెన్ అనే భారతీయ జీనోమ్ ప్రాజెక్టు వారి 1029 మంది భారతీయుల జీనోమ్‌లతో పోల్చారా అని అడగండి.

ఇంకో చిక్కు ఉంది. ఏఆర్‌ఆర్3 జన్యువు ఎక్స్ మీద ఉంటుంది, కానీ దానివల్ల పవర్ వచ్చేది ప్రధానంగా ఆడవాళ్లకి. అదే మార్పున్న తండ్రి చూపు బాగానే ఉంటుంది. 'తండ్రికీ ఉంది, ఆయనకి జబ్బు లేదు, కాబట్టి ఇది కారణం కాదు' అని రొటీన్‌గా కొట్టేస్తే అసలు జవాబు చెత్తబుట్టలో పడుతుంది. పెద్ద పవర్ ఉన్న కూతుళ్లకి తండ్రి ద్వారా వచ్చిన మార్పుని తీసేశారేమో జెనెటిక్ కౌన్సెలర్‌ని అడగాల్సిందే. మేనరికపు ఇళ్లలో ఎల్‌ఆర్‌పీఏపీ1 లాంటి జన్యువుల్లో రెండు కాపీలూ ఒకే మార్పుతో కనబడితే, తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఉన్నట్టు చూపించాకే నిర్ధారణ అనాలి.

ఉమ్మితో చేసే 'వెల్‌నెస్' కిట్లు సైటు వచ్చే అవకాశం ఎంతో చెబుతామంటాయి. వాటిని మేము సిఫారసు చేయం. 2020లో ఐరోపా మూలాలున్న 5,42,934 మంది మీద జరిగిన అధ్యయనంలో కంటి పవర్‌తో సంబంధమున్న జన్యు స్థానాలు 449 తేలాయి. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది. అవన్నీ కూడి ఆ జనం మీద కట్టిన రిస్కు స్కోరు మన బొబ్బిలి, టెక్కలి పిల్లలకి అలాగే సరిపోదు.

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద ఎన్నేళ్లుగా పరిశోధకులు వచ్చి వెళ్తున్నారో జిల్లాలో అందరికీ తెలుసు. అందుకే రక్తం అడగ్గానే 'మాకేం తెలుస్తుంది?' అని జనం అడగడం న్యాయం. డబ్బు కట్టి చేయించే పరీక్షకి రిపోర్టు ఇచ్చి తీరాలి. పరిశోధనకిచ్చే రక్తానికి డబ్బు తీసుకోకూడదు, ఫలితం ఇంటికి చెబుతారో లేదో సమ్మతి పత్రంలోనే రాసి ఉండాలి. తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టండి.

స్టిక్లర్ తేలితే రెటీనా ఊడే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ ఇంట్లో మార్పున్న ప్రతి ఒక్కరికీ చుక్కలు వేసి అంచుల దాకా రెటీనా చూడాలి, ముందుజాగ్రత్త లేజర్ గురించి మాట్లాడాలి. ఏమీ తేలకపోయినా మైనస్ 6 దాటిన కంటికి ఏటా ఆ పరీక్ష తప్పదు. మెరుపులు, నల్ల చుక్కల వాన, పక్క నుంచి తెర దిగినట్టు కనబడితే అదే రోజు రెటీనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రిపోర్టుతో పాటు ఫాస్ట్‌క్యూ (మిషన్ చదివిన ముడి డేటా), వీసీఎఫ్ (అందులో తేలిన మార్పుల జాబితా) ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. తర్వాత మళ్లీ చదివించడానికి అవే కావాలి, అప్పుడు మళ్లీ సూది గుచ్చాల్సిన పని ఉండదు.