నీల్ దీవిలో పోటు వేళ తెలియక పోగొట్టుకున్న 4,800 రూపాయలు

మనిషికి 1,200 చొప్పున నలుగురికి 4,800 రూపాయలు కట్టి, మోకాలి లోతు నీళ్లలో ఫొటోలు దిగి వచ్చాం. అండమాన్‌లోని నీల్ దీవిలో మా మొదటి స్నార్కెలింగ్ (మాస్క్, గాలి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున ఉన్నవి చూడటం) అది. రెండు రోజుల తర్వాత అదే దీవిలో, మేం దిగిన హట్ ముందున్న సముద్రంలో గంటసేపు తిరిగితే నలుగురికీ కలిపి వెయ్యి రూపాయలు తీసుకున్నారు. ఈ తేడా ఎక్కడ వచ్చిందో ముందే తెలిసుంటే మా పాప మొదటి రోజు ఏడ్చేది కాదు. అందుకే రాస్తున్నాను.

వెళ్లింది నేను, మా ఆవిడ, ఎనిమిదో తరగతి చదివే మా పాప, మా బావమరిది. ఫిబ్రవరిలో వెళ్లాం. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) ఒక రాత్రి ఉండి, పొద్దున ప్రైవేటు బోటులో మనిషికి 1,450 పెట్టి గంటన్నరలో నీల్ చేరాం. 2018లో దీని పేరు షహీద్ ద్వీప్‌గా మార్చారు కానీ అక్కడి వాళ్లంతా నీల్ అనే అంటున్నారు.

జెట్టీ దగ్గర దిగీ దిగగానే ఒకతను వచ్చి రూమ్, స్నార్కెలింగ్ అన్నీ కలిపి మాట్లాడేశాడు. ప్రయాణంలో అలిసి ఉన్నాం, మా బావమరిది సరే అనేశాడు. మధ్యాహ్నం మూడింటికి భరత్‌పూర్ బీచ్‌కి తీసుకెళ్లాడు. నీళ్లు ఎక్కడో వెనక్కి వెళ్లిపోయి, పగడపు దిబ్బలు పైకి తేలి కనిపిస్తున్నాయి. "నీళ్లు బాగా తక్కువున్నాయి కదా" అని అడిగితే "పిల్లలున్నారు, ఇదే సేఫ్ సార్" అన్నాడు. ట్యూబు పట్టుకుని పడుకోమన్నారు. పావుగంటలో నాకు కనిపించింది ఇసుక కలిసిన మసక నీళ్లు, పక్కవాళ్ల కాళ్లు. పొట్టకి పగడం గీసుకుంటుందేమోనని అందరం లేచి నిలబడ్డాం. నిలబడింది కూడా పగడాల మీదే.

డబ్బు పోతే పోయింది. ఆ గైడ్ ఒక పగడపు కొమ్మ విరిచి మా పాప చేతిలో పెట్టి, "పట్టుకో, ఫొటో బాగుంటుంది" అన్నాడు చూడండి, దానికి నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. పగడం రాయి కాదు, ప్రాణి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పులికున్నంత రక్షణ దానికీ ఉంది. పాపకి ఇది స్కూల్లో చెప్పారట. దాన్ని మెల్లిగా నీళ్లలో వదిలి, "మళ్లీ అతుక్కోదు కదా నాన్నా" అని ఏడ్చేసింది. ఆ సాయంత్రం మాలో ఎవరూ సరిగా అన్నం తినలేదు. బేరం కుదిర్చింది తనే కాబట్టి మా బావమరిది అసలు మాట్లాడలేదు.

రూమ్ సంగతీ అంతే. 'సీ వ్యూ' అని 4,500 తీసుకున్నారు. కిటికీ తెరిస్తే పక్కన కడుతున్న బిల్డింగ్. రాత్రి కరెంటు పోతే జనరేటర్ వేయడానికి అదనంగా 300 అడిగారు. తెల్లారగానే ఖాళీ చేశాం.

ఆటోలో లక్ష్మణపూర్ వైపు వెళ్తే చెట్ల నీడలో నాలుగు వెదురు హట్‌లు కనిపించాయి. ఒక్కోటి 1,800. ఏసీ లేదు. ఫ్యాను, దోమతెర, బకెట్‌తో స్నానం. మా ఆవిడ మొహం కొంచెం మాడింది కానీ, తలుపు తీసి ఇరవై అడుగులు వేస్తే ఇసుక, ఆ మధ్యాహ్నమంతా ఒడ్డు మీద మేం తప్ప మనిషి లేడు. ఓనర్ పెద్దాయన. నీల్‌లో చాలామందిలాగే వాళ్ల అమ్మానాన్నలూ తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. మేం దాదా అని పిలిచేవాళ్లం.

మా మొదటి రోజు కథ విని ఆయన ఒకటే ప్రశ్న వేశారు, "ఎన్నింటికి దిగారు?" అని. మూడింటికి అంటే తల అడ్డంగా ఊపారు. అది పౌర్ణమి ముందురోజు. పౌర్ణమికి, అమావాస్యకి పోటు ఎంత ఎత్తుకి వస్తుందో ఆటుకి నీళ్లు అంత దూరం పోతాయి. అలాంటి రోజుల్లో అక్కడ పొద్దున తొమ్మిది, పది గంటలకి నిండు పోటు, మధ్యాహ్నం మూడు, నాలుగుకి పూర్తి ఆటు. ఆ తర్వాత రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. "రేపు పదిన్నరకి నిండుతుంది, తొమ్మిదికి దిగండి, నీళ్లు పెరుగుతూ ఉండగా చూడాలి" అన్నారు. ఇంత చిన్న విషయం 4,800 తీసుకున్నవాడు చెప్పలేదు.

పొద్దున ఆయన మేనల్లుడు మాతో వచ్చాడు, మనిషికి 250, మాస్క్, లైఫ్ జాకెట్ కలిపి. ముందు ఒడ్డున కూర్చోబెట్టి మాస్క్ సరిపోయిందో లేదో చూశాడు: పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే అది అలాగే అతుక్కుని ఉండాలి. మా బావమరిదికి మీసం వల్ల నీళ్లు కారుతుంటే మీసానికి కాస్త వ్యాజిలిన్ రాయించాడు. పగడాల మీద కాలు పెట్టకూడదని మూడుసార్లు చెప్పాడు.

ఈత రాని మా ఆవిడ పది నిమిషాలు అతని చెయ్యి వదల్లేదు. తర్వాత ఆమెను బయటికి రప్పించడమే కష్టమైంది. నారింజ రంగు క్లౌన్ చేపలు, వాటి ఇల్లయిన సీ అనిమోన్ అనే సముద్రజీవి ఊగే కుచ్చుల్లోంచి తొంగి చూస్తున్నాయి. మా నీడ పడగానే ఒక పెద్ద ఆల్చిప్ప నీలి పెదవులు ముడుచుకుంది. చిలక ముక్కులాంటి మూతి ఉన్న చేప పగడాన్ని కొరుకుతుంటే కరకరమన్న చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపించింది. ఇలాంటి బీచ్‌ల తెల్ల ఇసుకలో కొంత ఆ చేప తిని, అరిగించుకుని వదిలిందే. పాప దాని వెనకే తిరిగింది.

అంతా రంగులమయం అని మాత్రం అనుకుని వెళ్లకండి. చాలాచోట్ల పగడం బూడిద రంగులో చచ్చి ఉంది. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ అంతటా పగడాలు తెల్లబడిపోయాయి, ఆ దెబ్బ పెద్దది. బతికున్న దాని మీద జనం నిలబడటం చూశాక బాధ ఇంకా ఎక్కువైంది. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు పూర్తి చేతుల టీషర్ట్ వేసుకోండి, వీపు కాలదు, సముద్రంలోకి కెమికల్ పోదు.

మధ్యాహ్నం ఆటు వేళ నేచురల్ బ్రిడ్జ్ (సహజంగా ఏర్పడిన రాతి వంతెన) చూశాం. దానికి నీళ్లు తగ్గి ఉండటమే మంచిది. దాదా ఇంట్లో చేపల పులుసు, అన్నం, దీవిలో పండిన కూరలు కలిపి 250, ట్రిప్ మొత్తంలో నేను తిన్న మంచి భోజనం అదే. నగదు దగ్గర పెట్టుకోండి, ఆయన ఫోన్ పేమెంట్ తీసుకోరు. మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ చెట్ల దగ్గర నీళ్లలో దిగొద్దు.

నాలుగో రోజు నాలుగింటి బోటుకి జెట్టీకి వస్తే, అదే మనిషి ఇద్దరు పిల్లలున్న ఒక కుటుంబంతో బేరం ఆడుతున్నాడు. నీళ్లు అప్పటికే దిగిపోతున్నాయి. మా బావమరిది బ్యాగు నా చేతికిచ్చి నేరుగా వెళ్లి, "ఇప్పుడు వద్దండీ, రేపు పొద్దున పదింటికి వెళ్లండి" అని హిందీలో చెప్పాడు. ఆ పిల్లల తండ్రి ఒకసారి సముద్రం వైపు చూసి, తీసిన డబ్బులు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.