ఐరోపా రైళ్లలో పన్నెండు రోజులు: పాసు ఎక్కడ లాభం, ఎక్కడ దండగ

జర్మనీలో చదువుకుంటున్న మన విద్యార్థులు మొదటి సెలవులు దగ్గరపడగానే అడిగే ప్రశ్న ఒకటే: ఎంచుకున్న రోజుల్లో చాలా ఐరోపా దేశాల రైళ్లు ఎక్కనిచ్చే ఇంటర్‌రైల్ పాసు కొనాలా, విడిగా టికెట్లు కొనాలా? కెమ్నిట్జ్‌లో ఎం.ఎస్.కు చేరిన ఏడాదికి, 2025 ఆగస్టులో, నేనూ ఒక నోటు పుస్తకం ముందు పెట్టుకుని ఈ లెక్కతోనే కూర్చున్నాను. సెప్టెంబరులో పన్నెండు రోజులు తిరిగి వచ్చాక నా జవాబు స్పష్టంగా ఉంది. ఖరీదైన ప్రయాణాలకే పాసు వాడాలి, చవకైనవాటికి విడిగా టికెట్లు కొనాలి. పాసు చేతిలో ఉందికదా అని ప్రతి చిన్న ప్రయాణానికీ ఒక రోజు ఖర్చుపెడితే డబ్బు వృథా.

ముందు పేర్ల దగ్గరే చాలామంది పొరపడుతున్నారు. ఐరోపాలో నివాసం ఉన్నవారికి ఇంటర్‌రైల్, బయటినుంచి వచ్చేవారికి యూరైల్. మన పాస్‌పోర్టు భారతదేశానిదే అయినా, చేతిలో జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంటే మనం కొనవలసింది ఇంటర్‌రైలే. హైదరాబాదునుంచి మనల్ని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు యూరైల్ కొనాలి. తేడా పేరుతో ఆగదు. ఇంటర్‌రైల్‌లో మనం నివసించే దేశం దాటి వెళ్లడానికి ఒక రోజు, తిరిగి రావడానికి ఒక రోజు మాత్రమే పాసు పనిచేస్తుంది. జర్మనీలో ఉంటూ ఈ పాసుతో జర్మనీ అంతా తిరుగుదామంటే కుదరదు. ఆ పనికి డాయిచ్‌లాండ్ టికెట్ ఉండనే ఉంది. 2025లో అది నెలకు 58 యూరోలు, 2026 జనవరినుంచి 63. ప్రాంతీయ రైళ్లు, ఊళ్లలోని బస్సులు, ట్రాములు అన్నీ అందులోకి వస్తాయి. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా కూడా అది చెల్లుతుందని మ్యూనిక్‌లో ఉండేవాళ్లలోనే కొందరికి తెలియదు.

ఇక లెక్క. 28 ఏళ్లు నిండనివారికి నెలలో నాలుగు రోజుల ప్రయాణానికి, పలు దేశాల్లో పనికొచ్చే గ్లోబల్ పాసు నేను కొన్నప్పుడు 212 యూరోలు. అంటే రోజుకు 53. నోటు పుస్తకంలో ప్రతి ప్రయాణం పక్కనా విడి టికెట్ ధర రాశాను. 53 దాటినవి పాసుకు, దాటనివి విడిగా. డ్రెస్‌డెన్ నుంచి ప్రాగ్‌కు ముందుగా కొంటే 16 యూరోలకు, ప్రాగ్ నుంచి వియన్నాకు 19కి దొరికాయి. ఆ మార్గంలో రెజియోజెట్ లాంటి ప్రైవేటు రైళ్లు కూడా తిరుగుతాయి, ఆ పోటీ మనకు కలిసివస్తుంది. వెనిస్ నుంచి మిలాన్ మీదుగా తిరానో వరకు ఇటలీ ప్రాంతీయ రైళ్లలో 33 అయింది. ఆ టికెట్ల ధర ముందు కొన్నా, ఆ రోజు కొన్నా ఒకటే. మిగిలిన నాలుగు రోజులకు పాసు: వియన్నా నుంచి వెనిస్, తిరానో నుంచి జ్యూరిక్, స్విట్జర్లాండ్ లోపల ఒక చుట్టు, చివరికి ఇంటిదారి.

పారిస్ వైపు ఎందుకు వెళ్లలేదని అందరూ అడిగారు. ఫ్రాన్స్‌లో టీజీవీ, స్పెయిన్‌లో ఆవే (AVE) అనే అతివేగ రైళ్లు ఎక్కాలంటే పాసు ఉన్నా విడిగా డబ్బు కట్టి సీటు రిజర్వు చేసుకోవాలి. టీజీవీల్లో పాసు ఉన్నవారికి ఇచ్చే సీట్లకు పరిమితి కూడా ఉంది. ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో చాలా రైళ్లకు ఆ బాధ లేదు, వచ్చిన రైలు ఎక్కడమే. తక్కువ డబ్బుతో మొదటిసారి బయల్దేరేవారికి అటువైపే మేలు.

డ్రెస్‌డెన్ నుంచి ప్రాగ్‌కు వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ పట్టుకోండి. ఎల్బే నది చాలాసేపు ఆ పక్కనే వస్తుంది, దాని వెనుక ఇసుకరాతి కొండలు నిలువుగా లేచి ఉంటాయి. ప్రాగ్‌లో రెండు రాత్రులు ఉన్నాను. చార్లెస్ వంతెన తెల్లవారకముందు చూడాలి. పది గంటలకు అదే వంతెనమీద అడుగు తీసి అడుగు వేయడం కష్టమైంది. అక్కడ నేను దిగిన హాస్టల్ మాత్రం బాధపెట్టింది. వంటగది ఉందని రాశారు కాబట్టే దాన్ని ఎంచుకున్నాను. వెళ్లేసరికి వంటగదికి తాళం. ఎప్పుడు తీస్తారంటే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. సంచిలో బియ్యం, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి పెట్టుకుని రెండు రోజులూ బయట కొనుక్కుని తిన్నాను. అప్పటినుంచి హాస్టల్‌కు ఎన్ని చుక్కలు వచ్చాయో చూడటం మానేసి, గత రెండు నెలల్లో బస చేసినవారు వంటగది గురించి ఏం రాశారో వెతుకుతున్నాను.

వియన్నా ఆ లోటు తీర్చింది. మంచానికి 28 యూరోలు, పొయ్యిలు నాలుగు, గిన్నెలు శుభ్రం. మొదటి రాత్రి అన్నం వండి, వేడివేడిగా కందిపొడి, నెయ్యి కలుపుకుంటుంటే ఆ వాసనకు ఎదురు బల్లమీద రొట్టె తింటున్న అమ్మాయి తలెత్తి చూసింది. ఒక ముద్ద పెట్టాను. మరుసటి రోజు పొడి పేరు కాగితంమీద రాయించుకుంది. వియన్నాలో కొళాయి నీళ్లు ఆల్ప్స్ కొండలనుంచి వస్తాయి, సీసా కొనే పనే లేదు. మూడో రోజు సాయంత్రం డాన్యూబ్ ఒడ్డున చాలాసేపు కూర్చున్నాను. ఆ నది ఈ ప్రయాణంలో మళ్లీ ఎదురవుతుందని అప్పుడు తెలియదు.

వియన్నానుంచి వెనిస్‌కు నేను వెళ్లినప్పుడు పగటి రైలుకు దాదాపు ఏడున్నర గంటలు పట్టింది. రాత్రి రైలు ఎక్కితే ఒక రాత్రి బస మిగులుతుంది. కానీ పాసు ఉన్నా దానికి పడకకో సీటుకో రిజర్వేషన్ రుసుము కట్టాలి. పైగా సెమ్మరింగ్ కొండలు చూడలేం. 1848లో మొదలై 1854లో పూర్తయిన ఆ 41 కిలోమీటర్ల కొండమార్గాన్ని యునెస్కో 1998లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాతి వంతెనలమీద రైలు వంపు తిరుగుతుంటే, దాటి వచ్చిన వంతెనే కిటికీలోంచి మళ్లీ కనిపిస్తుంది. పగలే వెళ్లండి.

వెనిస్ దీవిలో బస విద్యార్థికి అందేది కాదు. పక్కనే మెస్త్రేలో ఉన్నాను, అక్కడినుంచి రైల్లో పది నిమిషాలు. వాపోరెట్టో అనే నీటి బస్సు ఒక్కసారి ఎక్కితే 9.50 యూరోలు. నేను ఎక్కలేదు, రెండు రోజులూ నడిచాను. నేను వెళ్లింది సెప్టెంబరు కాబట్టి పగటి సందర్శకుల ప్రవేశ రుసుము వర్తించలేదు. ఏప్రిల్ నుంచి జూలై మధ్య కొన్ని రోజుల్లో అది ఉంటుంది. మెస్త్రేలో బస చేసేవారికి మినహాయింపు ఉన్నా, దాన్ని ముందే నమోదు చేసుకోవాలి. ఇటలీలో మరో జాగ్రత్త: ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మరిచిపోతే జరిమానా. మా పెట్టెలోనే ఒక కుటుంబం కట్టింది.

ఇప్పుడు ఈ యాత్రకు ప్రాణమైన చోటుకు వస్తాను. మిలాన్‌నుంచి తిరానోకు రెండున్నర గంటలు, ఎడమవైపు కోమో సరస్సు. తిరానో చిన్న ఊరు. అక్కడ రెండు స్టేషన్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఇటలీది, రెండోది స్విస్ ఎర్ర రైలుది. ఒక రాత్రి ఉండి పొద్దున్నే ఎర్ర రైలు ఎక్కాను. పెద్ద అద్దాల బెర్నినా ఎక్స్‌ప్రెస్ గురించి అందరూ రాస్తారు. దానికి పాసు ఉన్నా రిజర్వేషన్ రుసుము కట్టాలి. అదే పట్టాలమీద మామూలు ప్రాంతీయ రైలు కూడా నడుస్తుంది. దానికి రిజర్వేషన్ అక్కర్లేదు, పాసు చాలు. అన్నిటికన్నా గొప్ప సంగతి, మా పెట్టెలో కిటికీ పైభాగం కిందికి దిగింది. అద్దంలో నీడలు పడకుండా ఫోటో తీయాలన్నా, చల్లగాలి ముఖానికి తగలాలన్నా ఇదే మంచిది. డబ్బు తక్కువ పెట్టినందుకు ఎక్కువ దొరికిన చోటు నాకు ఇదొక్కటే.

రైలు కదిలిన కాసేపటికే తిరానో చర్చి ముందు నడివీధిలోకి వచ్చేస్తుంది, కార్లు ఆగి దారి ఇస్తాయి. బ్రూసియో దగ్గర తొమ్మిది కమానుల రాతి వంతెన కిందినుంచి దూరి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, అదే వంతెనమీదుగా పైకి పోతుంది. పళ్లచక్రం సాయం లేకుండా నూటికి ఏడు వంతుల ఏటవాలు ఎక్కే పట్టాలివి. 1910లో పూర్తయిన మార్గం, 2008లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తిరానో 429 మీటర్ల ఎత్తున ఉంటే ఓస్పిత్సియో బెర్నినా స్టేషన్ 2,253 మీటర్ల ఎత్తున ఉంది. చిన్నప్పుడు విశాఖనుంచి అరకు రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె అంతా కేకలు వేసేవాళ్లం. ఇక్కడ పెట్టెలో ఒక్కరూ మాట్లాడలేదు. అందరూ కిటికీల దగ్గర నిలబడిపోయారు.

ఆ ఎత్తులో లాగో బియాంకో అనే సరస్సు ఉంది, పాలు కలిపినట్టు తెల్లగా. దాని పక్కనే లే నైర్ అనే నల్లని చిన్న సరస్సు. రెండింటి మధ్య దూరం కొద్దిగానే. తెల్ల సరస్సు నీరు ఇటలీ వైపు జారి పో నదిలో కలిసి ఏడ్రియాటిక్ సముద్రం చేరుతుంది. నల్ల సరస్సు నీరు ఇన్ నదిలోకి, అక్కడినుంచి డాన్యూబ్‌లోకి, చివరికి నల్ల సముద్రంలోకి పోతుంది. వియన్నాలో నేను ఒడ్డున కూర్చుని చూసిన నదికి ఇక్కడినుంచీ నీరు వెళుతోంది. వెనిస్‌లో చూసిన సముద్రానికీ ఇక్కడినుంచే. రైలు రెండు మూడు నిమిషాల్లో ఆ గట్టు దాటేసింది. దిగి ఒక గంట ఉండవలసింది, ఉండలేదు.

సెయింట్ మోరిట్జ్‌లో రైలు మారి, 65 మీటర్ల ఎత్తైన లాండ్‌వాసర్ వంతెన దాటి, కూర్ మీదుగా రాత్రికి జ్యూరిక్ చేరాను. జ్యూరిక్ హాస్టల్‌లో మంచానికి రాత్రికి 52 యూరోలు పడింది. అక్కడ హోటల్ భోజనం ఊసు ఎత్తకండి. మిగ్రోస్, కోప్ దుకాణాల్లో సరుకులు కొని వండుకోండి. ఊళ్లో 1,200కు పైగా ఉన్న నీటి ధారల్లో ఎక్కడైనా సీసా నింపుకోవచ్చు. మరుసటి రోజు లూసెర్న్, ఇంటర్‌లాకెన్, బెర్న్ చుట్టి వచ్చాను. లూసెర్న్, ఇంటర్‌లాకెన్ మధ్య కొండ దాటే రైలు కూడా పాసులోకే వస్తుంది. యుంగ్‌ఫ్రావ్ కొండ దగ్గరికి ఎక్కే రైలుకు మాత్రం వేరే టికెట్ కొనాలి. నా డబ్బుకు అది అందలేదు.

చివరి రోజు ఇంటిదారిలో ఒక రైలు రద్దయింది, తర్వాతది గంటన్నర ఆలస్యం. సరిహద్దు దగ్గర జర్మనీ పోలీసులు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ అడిగారు. ఫోనులో ఫోటో సరిపోదు, రెండూ చేతిలో ఉండాలి. పాసు ఉండటంవల్ల ఎవరినీ అడగకుండా దొరికిన రైలు ఎక్కాను. విడి టికెట్ అయితే ఐరోపా నియమం ప్రకారం గంట ఆలస్యానికి ధరలో 25 శాతం, రెండు గంటలకు 50 శాతం తిరిగి వస్తుంది. పాసు ఉన్నవారికి వేరే లెక్క, ఇంటర్‌రైల్ వారికే దరఖాస్తు పెట్టాలి. లైప్‌జిగ్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది, పాసు రోజు ముగిసింది. తెల్లవారుజామున కెమ్నిట్జ్ రైలుకు డాయిచ్‌లాండ్ టికెట్ ఆదుకుంది.

రైళ్లకు 280, పదకొండు రాత్రుల బసకు 384, తిండికీ ఊళ్లలో తిరగడానికీ 170. మొత్తం 834 యూరోలు.

వచ్చే సెప్టెంబరులో మా తమ్ముడు హైదరాబాదునుంచి వస్తున్నాడు. వాడికి యూరైల్, నాకు ఇంటర్‌రైల్. ఈసారి జ్యూరిక్‌లో ఒక రాత్రి తగ్గించి తిరానోలో రెండు రాత్రులు ఉంటాం. ఆ రెండు సరస్సుల దగ్గర దిగి, మా రైలును వెళ్లనిచ్చి, తర్వాతిది వచ్చేదాకా అక్కడే కూర్చుంటాం.