ఆరేళ్లు వాడాక బ్లైండ్ బేరింగ్ పుల్లర్ గురించి

చిన్న ఇంజిన్ల క్రాంక్ కేసులో (క్రాంక్ షాఫ్ట్ ఉండే అల్యూమినియం పెట్టె) కొన్ని బేరింగులు ఒకవైపు మూసి ఉన్న గుంటలో కూర్చుంటాయి. వెనక నుంచి తట్టి తీసే దారి ఉండదు. వాటి కోసమే ఆరేళ్ల కిందట స్లైడ్ హ్యామర్‌తో (రాడ్ మీద జారే బరువు) వచ్చే పుల్లర్ సెట్ కొన్నాను. 8 నుంచి 32 మిల్లీమీటర్ల రంధ్రాల దాకా కాలెట్లు, అంటే రంధ్రంలో విచ్చుకుని పట్టుకునే ముక్కలు, ఉన్నాయి. గడ్డి కోసే యంత్రాలు, స్ప్రేయర్లు, మోపెడ్ ఇంజిన్లు, అన్నిటికీ ఇదే వాడుతున్నాను.

కాలెట్‌ను బేరింగ్ లోపలి రింగులోకి, అంటే ఇన్నర్ రేస్‌లోకి దూర్చి నట్టు బిగిస్తే, దాని అంచు విచ్చుకుని రేస్ వెనక పట్టుకుంటుంది. ఆ తర్వాత రాడ్ మీది బరువును చేతితో ఎదురు లాగి కొట్టాలి. అంతే పని.

కానీ మొదటి ఏడాది నేను చేసింది తప్పు. కేసు చల్లగా ఉండగానే బలంగా కొట్టి లాగేవాణ్ణి. బేరింగ్ వచ్చేది, దాంతోపాటు అల్యూమినియం కూడా గీసుకుపోయేది. అలా పాడైన ఒక కేసులో కొత్త బేరింగ్ ఔటర్ రేస్ (బయటి రింగు) గుంటలోనే తిరగడం మొదలైంది. ఆ కేసు పోయినందుకు ఇప్పటికీ బాధే.

వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఉదాహరణకు 6205 నంబరు బేరింగ్ బయటి వ్యాసం 52 మిల్లీమీటర్లు. కేసు, బేరింగ్ రెండూ కలిసి 100 డిగ్రీలు వేడెక్కినా వాటి మధ్య పట్టు 0.05 మిల్లీమీటర్ల పైనే సడలుతుంది. అందుకే ఇప్పుడు ముందు ఆయిల్ సీల్ తీసేసి, హీట్ గన్‌తో గుంట చుట్టూ సమంగా వేడి చేస్తాను. నీటి చుక్క వేస్తే చుయ్యిమనాలి. అప్పుడు రెండు మూడు దెబ్బలకే వచ్చేస్తుంది. ఒక్కోసారి కేసును బోర్లించి చెక్క మీద తడితే తనంతట తానే జారి పడుతుంది, పుల్లర్ అవసరమే ఉండదు.

సెట్‌లో లోపాలూ ఉన్నాయి. 8, 10 సైజు కాలెట్ల అంచులు చాలా సన్నం, రెండూ విరిగాయి. రేస్ వెనక కాస్త ఖాళీ లేకపోతే ఏ కాలెట్ అయినా జారిపోతుంది. దెబ్బలకు రాడ్ మరలు వదులవుతాయి, పని మధ్యలో చూసుకుంటూ ఉండాలి. పెద్ద కాలెట్లు మాత్రం ఇప్పటికీ కొత్తవాటిలా పట్టుకుంటున్నాయి.

ఇలా లాగిన బేరింగ్‌ను తిరిగి వేయకండి. లాగిన బలమంతా బాల్స్ మీదుగానే వెళ్తుంది, రేస్‌లో కంటికి కనపడని నొక్కులు పడతాయి. కొత్తది ఎక్కించేటప్పుడూ ఇదే భయం. కేసులోకి దించేటప్పుడు ఔటర్ రేస్ మీద, షాఫ్ట్ మీదకు ఎక్కించేటప్పుడు ఇన్నర్ రేస్ మీద మాత్రమే నొక్కాలి. రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టిన బేరింగ్, ఓవెన్‌లో వేడెక్కిన కేసు ఉంటే సుత్తితో పనే ఉండదు. టక్కుమని అడుగుకు దిగుతుంది. ఆ శబ్దం వినడం నాకు భలే ఇష్టం. అయితే చేతులు చురుగ్గా కదలాలి, నాలుగు సెకన్లు ఆలస్యమైనా సగంలో పట్టేసుకుంటుంది.

క్రాంక్ షాఫ్ట్ మీద ఉన్న బేరింగులకు ఈ సెట్ పనికిరాదు. వాటికి సెపరేటర్ (బేరింగ్ వెనక బిగించే రెండు ముక్కల పట్టు), ప్రెస్ కావాలి. టూ స్ట్రోక్ ఇంజిన్ల ప్రెస్ ఫిట్ క్రాంక్‌ను (ముక్కలను నొక్కి బిగించినది) సుత్తితో కొడితే వెబ్‌లు, అంటే దాని పక్క పలకలు, పక్కకు తిరిగి అలైన్‌మెంట్ పోతుంది.