నాన్న పేరు మీద నలభై వేలు: మొక్కలకా, లెక్కలకా?

వచ్చే నెల నాన్న సంవత్సరీకం. అన్నదానం ఎటూ ఉంటుంది. అది కాకుండా ఆయనకు ఇష్టమైన పని దేనికైనా ఇంకో నలభై వేలు పెడదామని ముగ్గురం అనుకున్నాం. ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. సోమశిలలో ఎన్ని టీఎంసీలున్నాయో పేపర్లో చూసి డైరీలో రాసుకునే అలవాటు చివరిదాకా పోలేదు. వాన కురిస్తే పెరట్లో గ్లాసు పెట్టి, స్కేలుతో కొలిచేవారు. వానలు, చెరువులు, చెరువు మీదికొచ్చే పిట్టలు, ఇవే ఆయన లోకం.

కాబట్టి డబ్బు ఎందుకు పెట్టాలన్నదాంట్లో గొడవ లేదు. ఎలా పెట్టాలన్నదే గొడవ. ఒంగోల్లో ఉండే తమ్ముడు మొక్కలు నాటిద్దామంటాడు. అక్క సముద్ర తాబేళ్ళ హేచరీకి ఇద్దామంటుంది. నాకేమో, ఈ వాతావరణం, పక్షులు, నీళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళకు ఇస్తే ఎలా ఉంటుందని మనసులో ఉంది. ముందే చెప్పేస్తున్నా, అక్క కూతురు పులికాట్ సరస్సు మీదే పీహెచ్‌డీ చేస్తోంది. నా మాటలో పక్షపాతం ఉందనిపిస్తే అనుమానించండి, తప్పులేదు.

ముందు మొక్కల సంగతి. ఇందులో మాకు అనుభవం ఉంది, అదీ చేదు అనుభవం. మూడేళ్ళ కిందట అమ్మ పేరు మీద మా ఊరి రోడ్డు పక్కన యాభై మొక్కలు పెట్టించాం. వేప, కానుగ, నేరేడు. గుంట, మొక్క, ఇనప కంచె, కూలీ అన్నీ కలిపి ఒక్కోదానికి ఏడు వందలు. మొత్తం ముప్పై అయిదు వేలు. ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. మొదటి వేసవికి నీళ్ళు పోసే మనిషిని పెట్టాం. రెండో వేసవికి అతను వేరే పనికి పోయాడు, మేం కూడా మర్చిపోయాం. రోహిణి కార్తె ఎండకు సగం మాడిపోయాయి. కంచెలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఒకటి ఎవరి దొడ్లోనో కోళ్ళగూడుకు తలుపై ఉండగా నేనే చూశాను. కంచె పోయినవాటిని మేకలు ముగించాయి. మొన్న పోయి లెక్కపెడితే ఏడు బతికున్నాయి. అంటే బతికిన చెట్టు ఒక్కోటి మాకు అయిదు వేలు పడింది. ఆ ఏడూ మంచి చెట్లే, కాదనను. ఒక నేరేడు కింద అప్పుడే టీ బంకు కూడా వెలిసింది.

మొక్కల్లో ఇంకో చిక్కు ఉంది. ఎక్కడ ఏది నాటుతున్నామన్నది ఎవరూ అడగరు. మా తీరంలో సరుగుడు తోపులు తుఫాను గాలిని ఆపుతాయి, నిజమే. కానీ వాటిని అల తాకే దాకా తెచ్చి నాటితే గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలుకు ఇసుక మిగలదు. ఖాళీగా కనిపించే ప్రతి జాగా ఖాళీ కాదు. గడ్డి నేలకు గడ్డి నేల పిట్టలు ఉంటాయి, బురద నేలకు బురద పిట్టలు. మూడు వేసవులు బిందె మోసే మనిషి ఖాయంగా ఉంటేనే మొక్కలు. లేదంటే ఆ డబ్బుతో ఇంకేదైనా చేయండి.

అక్క చెప్పే తాబేళ్ళ పని నాకు నచ్చింది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లేలు మన ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. నక్కలు, కుక్కలు తవ్వేయకుండా ఆ గుడ్లను తీసి కంచె వేసిన ఇసుకలో పాతి, నెలన్నర రెండు నెలలు కాపలా కాసి, పిల్లలను సముద్రంలో వదులుతారు. చూసినవాళ్ళకు జన్మలో మర్చిపోలేని దృశ్యం. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: తాబేలు ఆడా మగా అన్నది ఇసుక వేడి మీద ఆధారపడుతుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర గీత ఉంటుంది. అంతకంటే వేడెక్కేకొద్దీ ఆడపిల్లలే ఎక్కువ. ఎండలు ముదిరిపోతున్న ఈ రోజుల్లో, ఇసుకలో థర్మామీటరు పెట్టకుండా హేచరీ నడిపితే, వేల పిల్లలను వదిలి కూడా ఒక్క మగది లేని సంతతిని తయారుచేస్తూ ఉండొచ్చు. కాబట్టి హేచరీకి ఇస్తే ఇవ్వండి, కానీ ఆ డబ్బులో కొంత ఇసుక వేడి రాసే పరికరానికి పోవాలని అడగండి. అక్కకు ఇది చెబితే, "అక్కడికి కూడా లెక్కలు తెచ్చావా!" అంది.

తెచ్చాను, ఎందుకంటే అసలు లోటు అక్కడే ఉంది. నేలపట్టునే తీసుకోండి. (జిల్లాల విభజనలో అది తిరుపతి జిల్లాకు పోయింది గానీ, మా ఇంట్లో ఇంకా నెల్లూరు జిల్లాయే.) 1976 నుంచి అభయారణ్యం. నీటిలో మునిగిన కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు గూళ్ళు కడతాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. అవి కురిసి చెరువు నిండితే పక్షులొస్తాయి, ఎండితే రావు. ఒక ఏడు గూళ్ళు సగానికి తగ్గాయనుకోండి. పక్షులు తగ్గినట్టా, వాన తగ్గినట్టా, పక్క చెరువుకు పోయినట్టా? ఒక ఏడాది లెక్క చూసి ఎవరూ చెప్పలేరు. పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో, అదే చోట, అదే పద్ధతిలో ఎవరో ఒకరు లెక్కపెడుతూ ఉండాలి. ఇంతకంటే విసుగు పుట్టించే పని లేదు, దీనికి రిబ్బను కట్ చేసే కార్యక్రమం ఉండదు, అందుకే దాతలూ ఉండరు.

ఇది మన ఊరి బాధ మాత్రమే కాదు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందని ఇవాళ ప్రపంచమంతా చూపించే గ్రాఫు ఉంది కదా, చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా కొండ మీద మొదలుపెట్టింది. అప్పుడు పది లక్షల పాళ్ళలో సుమారు 315, ఇప్పుడు 420 దాటింది. ఆ గ్రాఫులో 1964 మొదట్లో కొన్ని నెలలు ఖాళీ ఉంటుంది. యంత్రం చెడిపోయి కాదు, డబ్బులు కోసేసి. అంత పెద్ద పనికే ఆ గతి పడితే మన చెరువులో గూళ్ళ లెక్కకు ఎవరు పూచీ?

ఇక పరిశోధకుల జీతాల సంగతి. కేంద్రం పరిశోధక విద్యార్థులకు ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. నెట్ పరీక్ష పాసవని పీహెచ్‌డీ విద్యార్థికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో దొరికేది నెలకు ఎనిమిది వేలు. మేనకోడలికి మొదటిదీ లేదు, రెండోదీ లేదు. వారంలో నాలుగు రోజులు కాలేజీలో పాఠాలు చెప్పి, మిగతా రోజుల్లో పులికాట్‌కు పోతుంది. దేశం మొత్తం మీద పరిశోధనకు పెట్టేది 2020-21 లెక్కల ప్రకారం జీడీపీలో 0.64 శాతం. ఇందులో చిత్తడి నేలల్లో పురుగులు లెక్కపెట్టేవాళ్ళ దాకా వచ్చేది ఎంతో ఊహించుకోండి.

మొన్న జనవరిలో ఒకరోజు ఆమెతో నేనూ పోయాను. తెల్లారకముందే తడ దాటి భీములవారిపాళెం రేవు చేరాం. పడవ తోలే పెద్దాయన యానాది. మోటరు లేదు, నీళ్ళు మోకాలి లోతే కాబట్టి గెడతో నెట్టుకుంటూ పోవడమే. దూరంగా ఫ్లెమింగోలు తలకిందులుగా ముక్కులు పెట్టి బురద వడగడుతున్నాయి. అమ్మాయి ఒక పైపును బురదలోకి దింపి, పైకి తీసి, ఆ ముద్దను జల్లెడలో వేసి నీళ్ళతో కడిగింది. మిగిలిన దారాల్లాంటి పురుగులను, గుల్లలను పట్టకారుతో ఏరి సీసాలో వేసింది. ఫ్లెమింగోల భోజనం అదే. తర్వాత జేబులోంచి రిఫ్రాక్టోమీటరు తీసింది. రొయ్యల గుంటల దగ్గర మనవాళ్ళు సెలైనిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో, చూసుకునే గొట్టమే, వేరే యంత్రమేమీ కాదు. అందులో ఒక చుక్క వేసేలోపు పెద్దాయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఇరవై దాటిందమ్మా," అన్నాడు. గొట్టం ఇరవై రెండు చూపించింది. అంటే వెయ్యి పాళ్ళ నీటిలో ఇరవై రెండు పాళ్ళు ఉప్పు. సముద్రం నీరయితే ముప్పై అయిదుంటుంది. "ముఖద్వారం పూడిపోతే ఇట్టా ఉండదు సార్. వానాకాలం చప్పన, ఎండాకాలం కారం లెక్క ఉప్పు," అన్నాడు. అమ్మాయి ఆ మాట కూడా నోట్‌బుక్కులో రాసుకుంది.

ఆ రోజుకు పడవకూ మనిషికీ పదిహేను వందలు ఇచ్చింది, సొంత డబ్బు. నెలకు రెండు సార్లు పోవాలని ప్లాను. డబ్బు లేని నెలల్లో ఒకసారే పోతోంది, ఒక్కోసారి పోవడమే లేదు. ఆమె పట్టికలో ఆ గళ్ళు ఖాళీ. నెలకు రెండు రోజులు, ఏడాదికి ముప్పై ఆరు వేలు. మా నలభై వేలలో ఇంకా నాలుగు వేలు మిగులుతాయి.

పడవలో కూర్చుని నాకు జెర్డన్ గుర్తొచ్చాడు. 1840ల్లో మన నెల్లూరులోనే సివిల్ సర్జనుగా చేసిన ఇంగ్లీషు డాక్టరు. తూర్పు కనుమల పక్షులు, జంతువుల సమాచారం ఆయనకు తెచ్చిపెట్టింది యానాదులు. జెర్డన్ పేరు శాశ్వతంగా నిలిచింది. కలివి కోడి అనే పిట్టను ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తారు. చెప్పిన యానాదుల్లో ఒక్కరి పేరూ మనకు తెలియదు. ఆ కలివి కోడి 1900 తర్వాత కనపడకుండా పోయింది, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప అడవుల్లో మళ్ళీ దొరికింది, అదీ రాత్రిపూట టార్చిలైటుతో పిట్టలు పట్టడం తెలిసిన స్థానికుడి చేతికి. తర్వాత దానికోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. సోమశిల, కండలేరు నీళ్ళు తాగే మనకు అది చిన్న విషయం కాదు. ఒక పిట్ట ఫలానా చోట ఉందన్న గట్టి రికార్డు చేసిన పని అది. మా ఏడు చెట్లు అంత పని చేయలేవు.

అలాగని పరిశోధనకు ఇవ్వడంలో లోపాలు లేవనను. మొదటిది, ఫలితం కళ్ళకు కనపడదు. రెండోది, పీహెచ్‌డీ అయిపోగానే మనిషి బెంగళూరో విదేశమో పోవచ్చు, లెక్కలన్నీ ల్యాప్‌టాప్‌తోనే పోవచ్చు. మూడోది నాకు బాగా కోపం తెప్పించేది: పేపర్లు ఇంగ్లీషులో అచ్చవుతాయి, సరస్సు పక్కన బతికేవాళ్ళకు ఒక్క ముక్క అందదు. అందుకే ఇచ్చేముందు రెండు షరతులు పెట్టొచ్చు, పెట్టాలి కూడా. లెక్కలు అందరికీ దొరికేచోట దాచాలి. ఏడాదికోసారి రెండు పేజీలు తెలుగులో రాసి పంచాయతీకి ఇవ్వాలి. ఎలాగూ 2002 చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ జీవవైవిధ్య కమిటీ, రిజిస్టరు ఉండాలి, అందులో చేర్చుకుంటారు. డబ్బు మాత్రం చేతికి ఇవ్వకండి. డిపార్ట్‌మెంటు లేదా సంస్థ ఖాతాలో, ఫలానా పనికి అని రాయించి, రసీదు తీసుకోండి. ఆదాయపు పన్ను మినహాయింపు ఉందో లేదో అడగండి. కంపెనీలు సమాజ సేవకు పెట్టే సీఎస్‌ఆర్ నిధులు కూడా పరిశోధనకు ఇవ్వొచ్చు, కానీ వాళ్ళకూ మా తమ్ముడికీ ఉన్న జబ్బు ఒకటే, ఫోటో కావాలి.

డబ్బు లేదు, ఆదివారాలు మాత్రమే ఉన్నాయంటారా? అప్పుడు ఆలోచించే పనే లేదు. ఫోనులో ఈబర్డ్ అనే యాప్ వేసుకుని మీ ఊరి చెరువు గట్టున పదిహేను నిమిషాలు నిలబడి పక్షులను లెక్కపెట్టండి. నేను స్వర్ణాల చెరువు దగ్గర మొదలుపెట్టాను. మొదటి రోజు "కొంగలు, చాలా" అని రాసుకొస్తే మేనకోడలు నవ్వి, "మామయ్యా, చాలా అంటే ఎన్ని?" అంది. ఇప్పుడు నీటికాకులను పదులుగా విడదీసి లెక్కపెట్టడం వచ్చింది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక ఇలాంటి ముప్పై వేల మందికి పైగా మామూలు మనుషులు నమోదు చేసిన సుమారు మూడు కోట్ల పరిశీలనల మీదే నిలబడింది. 942 జాతులను చూసి, 178 జాతులకు అత్యవసరంగా రక్షణ కావాలని తేల్చింది. ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్కింపు కూడా జరుగుతుంది, 1987 నుంచి. చెరువు ఒకటే ఉండాలి, నెల తప్పకూడదు, అంతే నియమం.

మా ఇంట్లో చివరకు ఇలా తేలింది. ఇంటిపిల్లకి ఇచ్చుకుంటే అది దానమెలా అవుతుందని అక్కే అడ్డం పడింది, న్యాయమే. అందుకని డబ్బు ఆమెకు కాదు, పడవకూ పడవ మనిషికీ, ఏడాదికి ముప్పై ఆరు వేలు, డిపార్ట్‌మెంటు ద్వారా. మిగతా నాలుగు వేలు హేచరీలో ఇసుక వేడి చూసే పరికరానికి. తమ్ముడు సగం ఒప్పుకున్నాడు. "నాన్న పేరు బోర్డు ఎక్కడ పెడతారు?" అని మాత్రం ఇంకా అడుగుతున్నాడు. పడవ మీద రాయిద్దామన్నాను, వాడికి నచ్చలేదు.

పెద్దాయనకు ఫోను చేసి విషయం చెబితే సంతోషించాడు గానీ వెంటనే ఒక మాట అడిగాడు. "మే నెలలో ఆ పక్క నీళ్ళుండవు సార్, పడవ కదల్దు. బురదలో నడిచిపోవాల. పడవ లేదని రేటు తగ్గిస్తారా? నడిచేదానికే ఎక్కువ ఇయ్యాల గదా."

ఆ లెక్క ఇంకా తేలలేదు.