కైల్ హామిల్టనా, లూయిస్ సీనా? 2022 డ్రాఫ్ట్ సేఫ్టీల పోలిక

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్స్ వెనక భాగాన్ని కాసే ఆటగాడు సేఫ్టీ. అతన్ని స్టాప్‌వాచ్‌తో కొలిస్తే దెబ్బతింటాం. ఈ జంటే అందుకు సాక్ష్యం.

ఖరీదు: కాలేజీ ఆటగాళ్లను NFL (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో హామిల్టన్‌కు బాల్టిమోర్ 14వ పిక్ (ఎంపిక వంతు) పెట్టింది. సీన్ మిన్నెసోటాకు 32వ పిక్‌కే దొరికాడు.

40 గజాల పరుగు: హామిల్టన్ 4.59 సెకన్లు, సీన్ 4.37.

శరీరం: హామిల్టన్ 6 అడుగుల 4 అంగుళాలు, 220 పౌండ్లు. సీన్ 6 అడుగుల 2 అంగుళాలు, 199 పౌండ్లు.

ఆట: అసలు తేడా ఇక్కడే. హామిల్టన్ స్లాట్‌లో (లైన్‌కూ అంచు రిసీవర్‌కూ మధ్య చోటు) నిలబడి టైట్ ఎండ్‌ను (పాస్‌లు అందుకునే భారీ ఆటగాడు) కాస్తాడు, బ్లిట్జ్‌కు (పాస్ విసిరేవాడి మీదికి దూకడం) వెళ్తాడు, క్వార్టర్‌బ్యాక్ (పాస్ విసిరేవాడు) కళ్లు చదివి బంతి విడవకముందే కదులుతాడు. కాలేజీ జట్టు నోటర్ డేమ్‌లో 8 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి పాస్ పట్టేయడం) అలా వచ్చినవే. చిన్నపాటి చురుకైన రిసీవర్ (పాస్ అందుకునేవాడు) ఒక్కసారిగా దిశ మారిస్తే మాత్రం అంత పొడుగు శరీరం తిరగడానికి క్షణం ఎక్కువ పడుతుంది. సీన్ లోతు నుంచి దూసుకొచ్చి గట్టిగా కొడతాడు. కానీ కాలేజీ జట్టు జార్జియాలో ప్రత్యర్థి పాస్‌లు పట్టింది తక్కువే. పరుగు ఆపాలన్న ఆత్రంలో ముందుకు అడుగేస్తే ప్లే యాక్షన్‌లో (పరుగుకు బంతి ఇచ్చినట్టు నటించి పాస్ విసరడం) వెనక ఖాళీ పడుతుంది.

రిస్క్: హామిల్టన్‌కు 2021లో మోకాలి గాయం. సీన్‌ది చూపుకు అందని రిస్క్: 2022 డ్రాఫ్ట్‌లో జార్జియా డిఫెన్స్ నుంచి అతనితో కలిపి ఐదుగురు తొలి రౌండ్‌లో వెళ్లారు. అలాంటి ఫ్రంట్ (డిఫెన్స్ ముందు వరుసలు) వెనక సేఫ్టీ లోపాలు బయటపడవు.

సీన్‌కు 2022 అక్టోబరులో లండన్‌లో కాలు విరిగింది, 2024లో మిన్నెసోటా వదిలేసింది. హామిల్టన్ 2023లో ఆల్-ప్రో (లీగ్ ఉత్తమ ఆటగాళ్ల జట్టులో ఒకడు).

లోతు కాసే సేఫ్టీ ముందే ఉన్న జట్టుకు హామిల్టన్ లాంటివాడే సరి. 2022లో బాల్టిమోర్‌కు అలా మార్కస్ విలియమ్స్ ఉండేవాడు. ఇద్దరు అనుభవజ్ఞుల వెనక ఏడాది ఆగగలిగే జట్టైతేనే సీన్ లాంటి వేగాన్ని తీసుకోవాలి.